మూడో ప్రెస్ చీటీ

నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ముప్పై ఏళ్లలో నాకు సరైన మాట దొరకలేదు. నాటకాలు అంటే, ఏ నాటకం అనేవారు. మాకు రాసిపెట్టుకున్న నాటకం ఉండేది కాదు. నవ్విస్తాను అంటే, ఏదీ ఒకటి చెప్పు అనేవారు. ఒక్కటీ గుర్తుండేది కాదు. జనం ముందుకు ఖాళీ చేతులతో వెళ్లి, వాళ్లిచ్చిన మాటతో అప్పటికప్పుడు ఒక ఆట కట్టి, నవ్వించి వచ్చేయడం మా పని. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి ఫ్యాక్టరీల్లో అన్నం తినే వేళకు మా ఆటలు ఉండేవి. మమ్మల్ని అందరూ చీటీల సార్లు అనేవారు. నెలనెలా చీటీలు కట్టించుకునే వాళ్లమనుకుని కొందరు గేటు దగ్గరే పక్కకు తప్పుకునేవారు కూడా.

ఇప్పుడు ఈ పనికి ఇంగ్లీషు పేరు వచ్చింది. నాచారంలో ఒక కాఫీ షాపు మేడ మీద పిల్లలు వారం వారం ఇదే ఆట ఆడుతున్నారు. మైకులున్నాయి, రంగుల లైట్లున్నాయి, టికెట్టు కొనుక్కుని వచ్చే జనం ఉన్నారు. నన్ను పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టి, "అంకుల్, కొత్తగా వచ్చేటోళ్లకు పనికొచ్చేటట్టు మీ అనుభవాలు రాయరాదా?" అన్నారు. రాస్తున్నాను. సన్మానాల సంగతి రాయను. శాలువాలన్నీ మా ఇంట్లో చలికాలం కప్పుకోవడానికి పనికొచ్చాయి, అంతకు మించి వాటి గురించి చెప్పేదేమీ లేదు. ఒక చీటీ గురించి, దాన్ని రాసిన మనిషికి నేను చేసిన ద్రోహం గురించి రాస్తాను. ఇది నవ్వించడానికి రాస్తున్నది కాదు. ఈ మాట ముందే చెప్పడమెందుకంటే, నేనేం చెప్పినా నవ్వడం జనానికి అలవాటైపోయింది.

డబ్బా పద్ధతి

మా బృందాన్ని పెట్టింది రాజలింగం సారు. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, యూనియన్ గొడవల్లో ఉద్యోగం పోగొట్టుకుని ఆటల్లోకి వచ్చిన మనిషి. బక్కపలచగా ఉండేవాడు, గొంతు మాత్రం షెడ్డు అవతలి గోడ దాకా వినపడేది. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. ఆట బాగా కుదిరిన రోజు ఏమీ అనకుండా చాయ్ తాగేవాడు. కుదరని రోజు దారంతా తిట్టేవాడు. ఆయన కింద పనిచేసినన్నాళ్లూ నేను ఆ చాయ్ కోసమే ఆడాను.

పద్ధతి చాలా సులువు. ఒక స్టీలు డబ్బా, కాగితం ముక్కలు, నాలుగు పెన్సిళ్లు జనంలోకి పంపేవాళ్లం. మనసులో ఉన్నది ఏదైనా సరే, ఒక ముక్క రాసి వేయమనేవాళ్లం. డబ్బా తిరిగొచ్చాక నేను ఒక చీటీ తీసి పైకి చదివేవాణ్ణి. చదివిన మరుక్షణం ఆట మొదలు కావాలి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉండదు.

రాజలింగం సారు రెండు నియమాలు పెట్టాడు. చేతికొచ్చిన చీటీని మళ్లీ డబ్బాలో వేయకూడదు. ఆట కాగానే చీటీలన్నీ అక్కడే చింపేయాలి, ఎవరు రాశారని అడగకూడదు. రెండో నియమం వెనక ఒక కథ ఉంది. మొదట్లో ఒక ఫ్యాక్టరీలో ఒకాయన క్యాంటీన్ అన్నంలో పురుగులొస్తున్నాయని చీటీ రాశాడు. మేం నవ్వుతూ ఆడి, చీటీ అక్కడే వదిలేసి వచ్చాం. ఆఫీసు వాళ్లు ఆ చేతిరాతను హాజరు పుస్తకంలో సంతకాలతో పోల్చి చూసి, ఆయన్ని బాయిలర్ వేడి దగ్గరికి మార్చారు. ఆ రోజు నుంచి చింపడం మాకు ఆచారమైంది.

"రాసినోడు ఎవడో మనకొద్దు. వాడు రాసిండు, మనం ఆడినం, చింపినం. గంతే" అనేవాడు సారు.

నేను ఆ నియమాన్ని ఆయన పెట్టిన దానికంటే పెద్దగా తీసుకున్నాను. ఎవరు రాశారని అడగకపోవడంతో సరిపెట్టుకోక, ఏం రాశారు, ఎందుకు రాశారు అని కూడా అడగడం మానేశాను. అడగకపోతే బతుకు సుఖంగా ఉండేది. నాకు కావలసింది ఆట కట్టడానికి ఒక మాట, అంతే.

కుర్చీ, తలుపు

కాఫీ షాపు పిల్లలు ఒక మాట తరచుగా అంటారు. కళలో అర్థం చూసేవాడిదట, ఆడేవాడిది కాదట. నేను కూడా అదే మాట తిని బతికాను కాబట్టి, అది నాకు ఎలా అబ్బిందో చెప్పాలి.

ఉప్పల్ డిపో వెనక ఒక బస్తీలో ఆడుతున్నాం. రాజలింగం సారుకు నడుం నొప్పి అని ఎవరింట్లోనో ఒక కుర్చీ అడిగి తెచ్చాం. ఆయన కూర్చోలేదు. కుర్చీ మధ్యలోనే ఉండిపోయింది. మేం రేషన్ షాపు క్యూ ఆట ఆడుతూ ఆ కుర్చీ చుట్టూ తిరిగి వెళ్లిన ప్రతిసారీ జనం పడీ పడీ నవ్వారు. నాకు ఎందుకో అర్థం కాలేదు. ఆట అయ్యాక ఒక ముసలాయన నా చేయి పట్టుకుని, "మా లీడర్‌ను మంచిగ జూపిచ్చిన్రు బిడ్డా. కుర్చీ ఉంటది, మనిషి ఉండడు" అన్నాడు. నేను సిగ్గులేకుండా తలూపి, అంతా అనుకునే చేసినట్టు ఆ పొగడ్త మోసుకుని ఇంటికి వచ్చాను.

చర్లపల్లి జైల్లో ఇంకోలా జరిగింది. అక్కడి ఖైదీల ముందు ఆడుతూ, మధ్యలో గాలిలో ఒక తలుపు తీసినట్టు చేసి బయటికి నడిచాను. మాకు అది మామూలు సంగతి, ఎక్కడ చేసినా నవ్వేవారు. అక్కడ ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒకతను, "సారూ, ఆ తలుపు తీసింది జర మల్ల జూపియ్యి" అన్నాడు. చూపించాను. మళ్లీ అడిగాడు. నాలుగుసార్లు తీశాను. నాలుగోసారి వార్డర్లు కూడా నేల వైపు చూస్తున్నారు. తిరిగి వస్తుంటే రాజలింగం సారు, "నువ్వు తలుపు దీసినవ్. వాళ్లు ఇండ్లకు వొయ్యొచ్చిన్రు" అన్నాడు. ఆ రోజు ఆయన చాయ్ తాగుతూ ఏమీ అనలేదు.

ఈ రెండింటి నుంచి ఎవరైనా జనం గురించి నేర్చుకుంటారు. నేను నా సుఖం గురించి నేర్చుకున్నాను. అర్థం వాళ్లే తెచ్చుకుంటారు, వాళ్లే పట్టుకుపోతారు, నాకేం పూచీ లేదు అనుకున్నాను. అలా అనుకుంటూ చాలా ఏళ్లు హాయిగా నిద్రపోయాను.

నాచారంలో ఒక మధ్యాహ్నం

నాచారం పారిశ్రామికవాడలో ఫ్యాన్లకు మూతలు, మోటార్లకు కవర్లు కొట్టే చిన్న ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పేరు రాయను, ఇప్పుడది లేదు. రేకును అచ్చు మీద పెడితే పై నుంచి బరువు దిగి దాన్ని ఒక్క దెబ్బకు మూతగా మార్చే ప్రెస్ మిషన్లు అక్కడ వరుసగా ఉండేవి. అన్నం వేళ షెడ్డు బయట రేకుల పందిరి కింద ఆట పెట్టాం. మేనేజర్ కూడా వచ్చి ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అప్పటికి రాజలింగం సారు మంచాన పడ్డాడు, బృందానికి పెద్ద నేనే. నాతో ఆడేది శోభ. మొహం కదపకుండా నవ్వించగల మనిషి, నాకంటే గొప్ప నటి. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

డబ్బా తిరిగొచ్చింది. చీటీ తీసి గట్టిగా చదివాను.

"మూడో ప్రెస్‌కు బట్ట గట్టిన్రు."

ఒక్కసారిగా నవ్వు లేచింది. ఆట మొదలు కాకముందే నవ్వితే మాకు పండగే. శోభ క్షణంలో ప్రెస్ మిషన్ అయిపోయి రెండు చేతులూ చాచి నిలబడింది. నేను డాక్టర్‌నయ్యాను. మిషన్‌కు నాడి చూశాను, నాలుక చాపమన్నాను. "మస్తు జరమున్నది, రాత్రింబగళ్లు పని జేపిచ్చిన్రు, జర పట్టీ గట్టాలె" అన్నాను. జనంలోంచి ఒకరిని లాగి ఆటలో కలపడం మాకు అలవాటు. "ఈమె తరఫు బంధువులెవరన్నా ఉన్నరా?" అని అరిచాను. నలుగురైదుగురు కలిసి ఒక బక్కపలచని మనిషిని ముందుకు తోశారు. అతని పేరు మల్లేశం. సిగ్గుపడుతూ వచ్చాడు. నా భుజం మీది తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టి, కట్టమన్నాను. అతను శోభ కుడిచేతికి తువ్వాలు చుట్టి గట్టిగా ముడి వేశాడు. అంత నవ్వు నేను నా జీవితంలో వినలేదు. పళ్లేలు కొట్టారు, బల్లలు చరిచారు. మేనేజర్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు నాకు తెలియనిది మీకు ఇప్పుడే చెబుతాను. ప్రెస్‌కు రెండు బటన్లుంటాయి. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే బరువు దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే అచ్చు కింద చెయ్యి ఉండదు, మనిషికి ప్రమాదం ఉండదు. కానీ అలా చేస్తే పని నెమ్మదిగా సాగుతుంది. అందుకని ఒక బటన్‌ను నొక్కి పెట్టి బట్టతో కట్టేస్తారు. అప్పుడు ఒక చేత్తో బటన్ కొడుతూ, రెండో చేత్తో రేకు పెడుతూ తీస్తూ ఉండొచ్చు. పని రెట్టింపు అవుతుంది. ఆ రెండో చెయ్యి మాత్రం రోజంతా అచ్చు నోట్లో ఉంటుంది. మూడో ప్రెస్‌కు అలా బట్ట కట్టించింది సూపర్‌వైజర్. దాని మీద పనిచేసేవాడు మల్లేశం.

శోభ మాట

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను ఉబ్బిపోయి ఉన్నాను. శోభ చేతికి తువ్వాలు ముడి ఎర్రగా అచ్చుపడింది. దాన్ని రుద్దుకుంటూ, "అన్నా, ఆ నవ్వు నాకు మంచిగ అనిపియ్యలే" అంది.

"ఏందమ్మా, గంత నవ్విన్రు గదా?"

"నవ్విన్రు. మనల్ని జూడలే. ఒకల మొకం ఒకలు జూస్కున్నరు, మల్ల మేనేజర్‌ను జూసిన్రు. ఆయన నవ్వినంక ఇంక జోరుగ నవ్విన్రు. ఆ బట్టేందో జర అడుగుదమా?"

"అడుగుడు మన పద్ధతి గాదు. ఎర్కలేదా నీకు?" అని కసిరాను.

మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే శోభ మాట గుర్తుపెట్టుకోండి. నవ్వు ఎంత పెద్దదని కొలవకండి, నవ్వేటప్పుడు జనం ఎటు చూస్తున్నారో చూడండి. మీ వైపు చూసి నవ్వితే మీరు నవ్వించినట్టు. ఒకరినొకరు చూసుకుని నవ్వితే అక్కడ మీకు తెలియని విషయం ఒకటి ఉంది. ఆ షెడ్డులో ఆ రోజు మూడు రకాల మనుషులు ఒకే ఆట చూశారు. పనివాళ్లు, బట్ట సంగతి పెద్దసారు చెవిన పడింది, రేపటికి విప్పిస్తాడు అనుకుని నవ్వారు. మేనేజర్, పనివాళ్లు దీన్ని కూడా నవ్వులాటగానే తీసుకుంటున్నారు, గొడవ లేదు అనుకుని నవ్వాడు. నేను నా అంతటివాడు లేడనుకున్నాను. ముగ్గురం మూడు అర్థాలు తీసుకుని ఇళ్లకు వెళ్లాం. బట్ట మాత్రం మిషన్‌కే ఉంది.

యాదమ్మ

మూడు వారాలు తిరక్కముందే ఒక పొద్దున నా గది ముందుకు ఒకామె వచ్చి నిలబడింది. చెప్పులు విడవలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, నా పేరు యాదమ్మ. నాచారం ఫ్యాక్టరీల ప్యాకింగ్ జేస్త. మల్లేశం నా తమ్ముడు. మొన్న మూడో ప్రెస్ కింద వాని చెయ్యి వడ్డది. మూడు వేళ్లు వొయినయి. కుడిచెయ్యి."

ఆమె ఆగలేదు.

"ఆ చీటీ రాసింది నేనే. మా తమ్మున్ని ఎన్నిసార్లు అడగమన్నా సూపర్‌వైజర్‌ను అడగడు, ఉన్న పని వోతదని. నీ డబ్బా వస్తే రాసిన. మేనేజర్ ముంగట నువ్వు గట్టిగ సదివినవ్. ఇంక విప్పిస్తరనుకున్న."

తర్వాత అసలు సంగతి చెప్పింది. ప్రమాదం మీద విచారణకు సర్కారు అధికారి వస్తున్నాడు. బట్ట మల్లేశమే కట్టుకున్నాడని, ఆ సంగతి తమకు తెలియనే తెలియదని ఫ్యాక్టరీ వాళ్లు చెబుతున్నారు. పైగా, నాటకంలో అందరి ముందు నవ్వుతూ బట్ట కట్టింది అతనే కదా, అలవాటున్న చెయ్యి అని సూపర్‌వైజర్ అంటున్నాడు. తప్పు మల్లేశందని తేలితే అతన్ని మళ్లీ గేటు లోపలికి రానివ్వరు. ఏడు వేళ్ల మనిషికి బయట ఎవరు పని ఇస్తారు? తోటి పనివాళ్లు భయంతో నోరు విప్పరు. యాదమ్మ చెబితే అక్క కాబట్టి అలాగే చెబుతుందంటారు.

"నువ్వు బయటి మనిషివి. నీ మాట ఇంటరు సారూ. చీటీ సదివిన అని చెప్పు. మేనేజర్ ముంగటనే కూసున్నడు అని చెప్పు. బట్ట నువ్వే ఇచ్చినవని చెప్పు. ఈ మూడు మాటలు చాలు."

చెబుతానన్నాను. ఆమె వెళ్లాక రాజలింగం సారు మంచం దగ్గరికి పరుగెత్తాను. ఆయనకు అప్పటికి మాట సరిగా రావడం లేదు. చీటీల సంగతి బయటపెడితే రేపు ఎవరు రాస్తారు, వద్దు అంటాడని నాలో ఒక మూల ఆశ ఉంది. ఆ మాట అంటే నేను బతికిపోయేవాణ్ణి. ఆయన అంతా విని, కూడబలుక్కుంటూ, "రాసిన మనిషే వచ్చి చెప్పుమన్నది గదా? మల్ల నన్నేంది అడుగుడు?" అన్నాడు. అటు తిరిగి పడుకున్నాడు.

విచారణ గది

ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో నన్ను కూర్చోబెట్టారు. అధికారి నెమ్మదైన మనిషి. తొందరపెట్టలేదు, బెదిరించలేదు. మేనేజర్ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. సూపర్‌వైజర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కిటికీలోంచి చూస్తే ప్యాకింగ్ బల్లల వెనక యాదమ్మ కనబడుతోంది.

"ఆ రోజు మీరు చదివిన చీటీలో ఏముందండీ?" అని అధికారి అడిగాడు.

"చీటీలు చింపేస్తం సార్. గుర్తు లేదు."

"పైకి చదివారట కదా?"

"మస్తు చీటీలు సదువుతం సార్. ఎన్నని గుర్తుంటయి?"

"మల్లేశం బట్ట కట్టాడంటున్నారు. మీరు పిలిచారా, తనే వచ్చాడా?"

"ఆటల ఎవలో ఒకలు వస్తుంటరు సార్."

ఆయన కలం పక్కన పెట్టి నా వైపు చూశాడు. "అసలు ఆ ఆటకు అర్థమేమిటి? మిషన్‌కు బట్ట కట్టారని మీరు మేనేజర్ గారి ముందు చెప్పినట్టేనా?"

జవాబు నా చేతిలో పెట్టాడు. అవును అంటే చాలు. నేను స్టేజీ మీది మొహం పెట్టుకున్నాను.

"అర్థమేం లేదు సార్. నవ్వులాట. ఎవలకు ఏది అనుకోబుద్ధయితే అది అనుకుంటరు."

అధికారి కొంచెం నవ్వాడు. మేనేజర్ నవ్వాడు. సూపర్‌వైజర్ కూడా నవ్వాడు. నేను సంతకం పెట్టి బయటికి వచ్చాను. కిటికీ వైపు చూడలేదు.

ఎందుకలా చేశానని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆ వాడలో ఫ్యాక్టరీలన్నీ ఒకరికొకరు తెలిసినవే. ఒక గేటు మూసుకుంటే మిగతా గేట్లూ మూసుకుంటాయని భయపడ్డాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు. ఆ ఆట కట్టేటప్పుడు నాకు బట్ట సంగతి నిజంగానే తెలియదు. ఆ తెలియకపోవడాన్ని చాటు చేసుకున్నాను. అర్థం సంగతి నన్నెందుకు అడుగుతారు, నేను ఆడేవాణ్ణి అని నాకు నేను చెప్పుకున్నాను. యాదమ్మ నన్ను అర్థం చెప్పమనలేదు. ఏం చదివావు, ఎవరు విన్నారు, బట్ట ఎవరిచ్చారు అన్నది చెప్పమంది. అవి చెప్పడానికి కళ గురించి తెలియాల్సిన అవసరం లేదు. అర్థం మీద ఎన్ని మాటలైనా మాట్లాడుకోండి పిల్లలూ, మీ ఇష్టం. జరిగింది చెప్పాల్సిన చోట అర్థం గురించి మాట్లాడేవాడు పిరికివాడు. నేను ఆ రోజు అదే.

కార్మికుడి అజాగ్రత్త అని కాగితంలో రాశారు. మల్లేశాన్ని పనిలోంచి తీసేశారు. శోభకు సంగతి తెలిసి ఒక రోజు వచ్చి, "గా గదిల గూడ ఆటే ఆడినవా అన్నా?" అంది. మళ్లీ నాతో ఆడలేదు. రాజలింగం సారు పోయేదాకా నేను ఆయన ముందుకు వెళ్లలేదు. తర్వాత కొత్తవాళ్లను పెట్టుకుని ఆటలు నడిపాను. గేట్లన్నీ తెరిచే ఉన్నాయి. నేను భయపడిందేదీ జరగలేదు, సుఖంగా బతికాను.

ఒకసారి ఉప్పల్ కూరగాయల మార్కెట్‌లో ఎవరో వెనక నుంచి పిలిచారు. మల్లేశం. చర్లపల్లిలో ఒక గోదాం గేటు దగ్గర కావలి ఉంటున్నాడట. మాట్లాడుతూనే సంచీ మూతిని పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో ముడి వేశాడు.

"ఆ దినం మస్తు నవ్విచ్చినవ్ సారూ. ప్రెస్‌కు జరమొచ్చిందంటివి సూడు" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "విచారణల నీకేం గుర్తు లేదన్నవంట గదా. అక్క ఇప్పటికీ నీ మీద కోపంగుంటది. ఏం జేస్తవ్, గన్ని చీటీల ఒక చీటీ ఏం గుర్తుంటది" అన్నాడు.

అతను నన్ను నమ్మాడు. నిజం చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. అప్పుడు అధికారి లేడు, మేనేజర్ లేడు, ఏ గేటూ మూసుకోదు.

"అవ్ తమ్మీ, గుర్తు లేకపాయె" అన్నాను.

చివరి ఆట

పోయిన ఏడాది పని మానేస్తున్నానని తెలిసి కాఫీ షాపు పిల్లలే ఉప్పల్‌లో ఒక హాలు తీసుకుని నా చివరి ఆట పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం. స్టేడియంలో మ్యాచ్ ఉండి రోడ్డంతా నీలం చొక్కాలే, అయినా హాలు నిండింది. నా ఫొటోతో మెట్రో పిల్లర్లకు కాగితాలు అంటించారు. పాత పద్ధతిలోనే ఆడదామని స్టీలు డబ్బా కూడా తెచ్చారు. నాలుగు ఆటలు బాగా సాగాయి. ఐదో చీటీ తీశాను.

"మూడో ప్రెస్‌కు బట్ట గట్టిన్రు."

చదివాక చీటీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. చేతికొచ్చిన చీటీని మళ్లీ డబ్బాలో వేయకూడదు. నాతో ఆడుతున్న అమ్మాయి నేనేదో మొదలుపెడతానని చూస్తోంది. ఆమెను పక్కకు వెళ్లమన్నాను. మైకు పట్టుకుని జరిగింది జరిగినట్టు చెప్పడం మొదలుపెట్టాను. ప్రెస్, రెండు బటన్లు, బట్ట, మల్లేశం, తువ్వాలు.

జనం నవ్వారు.

మొదట చిన్నగా నవ్వారు. నేను మొహం కదపకుండా చెబుతున్నందుకు ఇంకా నవ్వారు. ఇది నవ్వులాట కాదన్నాను. హాలు దద్దరిల్లింది. విచారణ గదిలో నేను చెప్పిన జవాబులు వరుసగా చెప్పాను. ఒక్కో జవాబుకు చప్పట్లు కొట్టారు. మల్లేశం చెయ్యి ఎలా ఉంటుందో చూపిద్దామని కుడిచెయ్యి ఎత్తి మూడు వేళ్లు మడిచాను. ముందు వరుసలో ఒకతను కళ్లు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వాడు. వాళ్ల తప్పేం లేదు. ముప్పై ఏళ్లు నేనే నేర్పాను, నా నోట్లోంచి వచ్చేదేదైనా నవ్వడానికే అని. చెప్పడానికి ఇంకేమీ మిగలక ఆగిపోయాను. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో ఒకామె మాత్రం అప్పటికే తలుపు వైపు నడుస్తోంది.

నేను దండలు, శాలువా వదిలేసి బయటికి పరుగెత్తాను. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర అందుకున్నాను. జుట్టు నెరిసింది. చేతిలో మందుల సంచీ. ముప్పై ఏళ్లలో ఎన్నడూ అడగని మాట అప్పుడు అడిగాను.

"చీటీ నువ్వే రాసినవా యాదమ్మా?"

"నేనే."

"చెప్పిన యాదమ్మా. ఈసారి అంతా చెప్పిన. వాళ్లు నవ్విన్రు."

"సూసిన" అంది. కోపంగా కూడా అనలేదు. "నవ్వేటోళ్ల ముంగట చెప్పినవ్ సారూ. అడిగినోని ముంగట చెప్పకపోతివి."

ఆమె ఒక్కో మెట్టు మీద ఆగుతూ పైకి వెళ్లిపోయింది. నీలం చొక్కాల వాళ్లు అరుచుకుంటూ నన్ను తోసుకుని కిందికి దిగుతున్నారు. ఆమె చీటీ నా పిడికిట్లోనే ఉంది. ఇంటికి వచ్చాక చింపలేదు, ఇప్పుడు కూడా నా ముందే ఉంది.

మల్లేశం ఇంకా చర్లపల్లి గోదాం గేటు దగ్గరే ఉన్నాడు. ఇది అచ్చయితే మొదటి ప్రతి తీసుకెళ్లి అతని చేతికే ఇస్తాను. చదివాక అతనేమన్నా పడతాను. నన్ను ఇప్పుడు ఎవరూ అడగలేదు. అయినా అడిగిన రోజు చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

చీటీ పైకి చదివింది నేను. మేనేజర్ ముందు వరుసలో కూర్చుని విన్నాడు. మల్లేశాన్ని పిలిచి, అతని చేతిలో బట్ట పెట్టింది నేను.